కప్పలన్నీ మోటార్లే

మా మావయ్యకి ఉండి దాటాక నాలుగెకరాల రొయ్యల చెరువుంది. రాత్రి కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే మోటార్లు, ఏరేటర్లు, ఆగిపోతాయి, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ, కాపలా అతను గాఢనిద్రలో ఉన్నాడంటే పొద్దున్నకి వనామీ రొయ్యంతా చచ్చి గట్టు పట్టేస్తుంది. "అల్లుడూ, కంప్యూటర్లు చదివావు కదా, ఏరేటరు ఆగగానే నా ఫోను మోగేలా ఏదైనా చెయ్యవయ్యా" అన్నాడు. దానిదేముంది అనేశాను.

నా ప్లాను మోటారు మోత వినడం. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సైకిళ్ళు, సైకిల్‌కి రెండుసార్లు అయస్కాంతం లాగుతుంది కాబట్టి మోటారు 100 దగ్గర మూలుగుతూ ఉంటుంది. మూలుగు ఆగిందా, ఫోను మోగించాలి. అంతే. పైథాన్ భాషలో అయితే నంపై అనే రెడీమేడ్ లెక్కల కోడు ఉంది, శబ్దాన్ని స్వరాలుగా విడగొట్టే లెక్క, ఎఫ్ఎఫ్‌టీ, ఒక్క లైనులో అయిపోతుంది. నా దగ్గరున్న బుల్లి బోర్డులో మాత్రం లువా ఉంది. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన భాష, పోర్చుగీసులో లువా అంటే చందమామ. ఆ మాట చెప్పగానే మావయ్య "మరి అమావాస్యకి పనిచేస్తుందా?" అన్నాడు. వెటకారం కాదు, రొయ్య కుబుసం విడిచే రోజులు కదా, ఆయన భయం ఆయనది.

లువాలో ఎఫ్ఎఫ్‌టీ కోసం వారం రోజులు వెతికాను. దొరికిన మొదటి కోడు సగంలో ఆగిపోయింది, "మిగతాది తర్వాత" అని రాసి ఎవరో మహానుభావుడు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయినట్టున్నాడు. రెండోదాంట్లో వివరాలన్నీ పోర్చుగీసులో ఉన్నాయి. మూడోది సీ భాష నుంచి లువాలోకి దింపింది. సీలో వరస సున్నా నుంచి మొదలవుతుంది, లువాలో మన పెళ్ళి బంతిలాగా ఒకటి నుంచి. దింపినాయన సగం మార్చి సగం వదిలేశాడు, దాంతో కోడు వెయ్యని సున్నా నంబరు విస్తట్లో చెయ్యి పెట్టి పప్పు కలపబోయి, నిల్, అంటే ఇక్కడేమీ లేదు, అని కేకేసి పడిపోయేది.

ఎనిమిదో రోజు బుర్ర వెలిగింది. నాకు కావలసింది ఒక్క 100 హెర్ట్జే! పచ్చడికి ఒక్క కాయ కావాలంటే తోటంతా దింపు తీయించడమెందుకు? ఒక్క స్వరాన్ని పట్టుకోవడానికి గోర్ట్‌జెల్ అనే ఆయన 1958లోనే లెక్క చెప్పేశాడు, కూలీ, ట్యూకీ అనే ఇద్దరి ఎఫ్ఎఫ్‌టీ పేపరు వచ్చింది 1965లో. పట్టుమని పది లైన్లు. రాసేశాను, శబ్దానికి సెకనుకి వెయ్యి శాంపిళ్ళు, అంటే వెయ్యి కొలతలు, తీసేలా పెట్టాను, ఏరేటరు ఆపి చూస్తే ఫోను మోగింది. మావయ్య పీతల కూర చేయించాడు.

వాన మొదలైన మూడో రాత్రి కరెంటు పోయింది. మావయ్య ఫోను మోగింది గానీ, చేసింది నా పెట్టె కాదు, కాపలా అతను.

"ఏరేటర్లు ఆగిపోయాయండి బాబుగారూ, జనరేటరు వేసేశానండి. మోత ఆగితే నాకు మెలకువ వచ్చేస్తుందండి. మీ పెట్టె ఏమీ అనలేదాండీ?"

పెట్టె అనకేం, అవి ఆగి ఉన్నంతసేపూ "ఏరేటరు తిరుగుతోంది" అని రాసుకుంటూ కూర్చుంది. పైగా మామూలు కంటే గట్టిగా తిరుగుతోందట.

టార్చి పట్టుకుని గట్టెక్కాక అర్థమైంది. చెరువు చుట్టూ కప్పలు, చెవులు చిల్లులు పడేలా. సెకనుకి వెయ్యి శాంపిళ్ళు తీస్తే 500 హెర్ట్జ్ దాటిన ప్రతి స్వరం మడతపడి కిందకొచ్చేస్తుంది. 900 అరుపూ 100 దగ్గరికే, 1100 కూడా అక్కడికే, 1900, 2100 కూడా. అన్ని కప్పల్లో ఒక్కటైనా ఆ స్థాయిలో పాడకపోతుందా? ఒకసారి బోర్డులోకి వచ్చేశాక కప్పేదో మోటారేదో ఏ భాషలో రాసినా విడదీయలేం. మైకుకీ బోర్డుకీ మధ్య ఓ రెసిస్టరు, ఓ కెపాసిటరు ముందే పెట్టుకోవాలి, పై స్వరాలు అక్కడే చాలావరకు అణిగిపోతాయి. రెండూ కలిపి టీ ఖర్చు. కాలేజీలో ఇదే ప్రశ్నకి పది మార్కులు కూడా తెచ్చుకున్నాను నేను.

పొద్దున్నే భీమవరం వెళ్ళి ఆ రెండూ కొనుక్కొచ్చి అతికిస్తుంటే మావయ్య పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు చూశాడు.

"కాపలా అతనికి జీతం పెంచానురా."

"మంచిదే మావయ్యా."

"నీ పెట్టె కూడా ఉండనీలే. వానాకాలం కప్పలున్నాయో లేదో చెబుతుంది."