సీసం లేదు, సంతకం ఉంది

పటాన్‌చెరు వాసులకు శుభవార్త. నక్కవాగు పక్క బోరు నీళ్లలో సీసం లేదు. ఆర్సెనిక్ లేదు, కాడ్మియం లేదు. ఇంతకీ అక్కడ ఫ్యాక్టరీలున్నాయా అన్నదే నాకిప్పుడు అనుమానం. చేతికొచ్చిన ల్యాబ్ రిపోర్టులో ప్రతి లోహం ఎదురుగా 'బీడీఎల్' అని మూడక్షరాలు, కింద ఆకుపచ్చ సంతకం.

బీడీఎల్ అంటే 'బిలో డిటెక్షన్ లిమిట్', తెలుగులో 'మా మిషన్‌కు కనపడలేదు' అని. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఆ మిషన్ చూపు ఎంతో కూడా రాశారు పాపం: లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితేనే సీసం కనపడుతుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు 0.01. అంటే హద్దుకు తొమ్మిది రెట్లున్నా అది గంగాజలమే. ధర్మకాటా మీద ముక్కుపుడక పెట్టి, ముల్లు కదల్లేదు కాబట్టి బంగారమే లేదనడం ఇది.

ఇక శాంపిల్ యాత్ర. పాత కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టారు. లోహాలు నీళ్లలోనే కరిగి ఉండాలంటే, పట్టిన వెంటనే నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి పీహెచ్ 2 కిందికి దించాలి కదా అంటే, "యాసిడా? బండి ట్యాంకు మీద పెట్టుకొని పోవాలె సార్, ఒలికితే నా గతేంది?" అన్నాడు శాంపిల్ పట్టినతను. నిజమే, అతనికి యాసిడ్ ఇచ్చిందెవరు, డబ్బా ఇచ్చిందెవరు? సీసా ఎండలో బండెక్కింది. చాయ్ తాగింది. రెండో శనివారం, ఆదివారం సెలవు తీసుకుంది. ఈలోగా, యాసిడ్ పడని ఆ నీళ్లలోని సీసం మెల్లగా సీసా గోడకు అతుక్కుంది. సోమవారం ల్యాబ్‌కు చేరినవి పాపాలన్నీ కడుక్కున్న నీళ్లు.

నవ్వింది చాలు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2001లోనే పటాన్‌చెరు మట్టిలో క్రోమియం, ఆర్సెనిక్, కాడ్మియం ఎక్కువగా ఉన్నాయని అచ్చేసి చెప్పారు. బిలియన్‌లో ఒక వంతును కూడా పట్టే ఐసీపీ-ఎంఎస్ పరికరం ఇదే హైదరాబాద్‌లో, ఉప్పల్‌లో, వాళ్ల దగ్గరుంది. సీసానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ తెలియదని డబ్ల్యూహెచ్‌ఓ మొత్తుకుంటోంది. పసివాడి మెదడులోకి పోయేటప్పుడు అది మీ మిషన్‌ను అనుమతి అడగదు! చూడలేని మిషన్‌తో చూసి, లేదని రాసి, ఏడాది చివర ఆ బీడీఎల్‌లన్నీ సున్నాలుగా కూడి సగటు తీస్తారా? సిగ్గుండక్కర్లేదా?

ఆ ఖాళీ సీసానైనా పారేయకండి. యాసిడ్‌తో కడిగి, ఆ కడుగునీళ్లను ఉప్పల్ పంపండి. బస్సు ఛార్జీ నేనిస్తాను.