నిశ్శబ్దానికి తగిన సౌండ్ సిస్టమ్

మన ఆత్మీయ (ఆధ్యాత్మిక) నూతనత్వం ఏటా ఫిబ్రవరి 4న ముగుస్తుంది. ఇది నింద కాదు, లెక్క. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మోకాళ్ల మీద ఉండి తీర్మానించుకుంటాం: ఈ ఏడు బైబిలు మొత్తం చదవాలి, రోజుకు మూడు అధ్యాయాలు. ఆదికాండం 50, నిర్గమకాండం 40, లేవీయకాండంలో ఎలాగో 12. దాంతో 34 రోజులు గడుస్తాయి. మర్నాడు లేవీయకాండం 13వ అధ్యాయం, అంటే చర్మం మీది మచ్చలు, వాపు, నిగనిగలాడే పొడ. విశ్వాసి అక్కడ బైబిలు మూసి, కీర్తనలైతే ఆదరణగా ఉంటాయనుకుంటాడు. వాటిలోనూ 23వ కీర్తన దగ్గరే స్థిరపడతాడు, అది కంఠతా వచ్చు గనుక.

అందుకే పెద్దలు ఇప్పుడు మరో అలవాటు చెబుతున్నారు: ఒంటరిగా కూర్చుని దేవుడు చెప్పేది వినాలట. సలహా మంచిదే. అమలులోనే చిక్కులున్నాయి.

తెల్లవారుజామున నాలుగింటికి లేవాలంటే అలారం కావాలి. అలారం ఫోన్లో ఉంది. ఫోన్ చేతికొచ్చాక సంఘం గ్రూపులో ఆ రోజు వాక్యం పెట్టకపోతే బాగుండదు. పెట్టాక ఎవరు ‘ఆమెన్’ అన్నారో, ఎవరు చూసి కూడా అనలేదో గమనించాలి. ఈ రెండో రకం వారి కోసం భారంతో ప్రార్థించాలి. తర్వాత తెరిచిన బైబిలు, పక్కన కాఫీ కప్పు, ఒక ఫొటో, స్టేటస్. నీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని ప్రభువు చెప్పాడు. వేసుకుంటూనే ఉన్నాం. లోపల కెమెరా ఉండకూడదని మత్తయి సువార్తలో ఎక్కడా లేదు.

నిజానికి ఈ విషయంలో యేసు ప్రభువు చూపిన మాదిరే మనకు కాస్త ఇబ్బందిగా ఉంది. మార్కు మొదటి అధ్యాయం చూడండి. సాయంకాలం కపెర్నహూము పట్టణమంతా ఇంటి వాకిట గుమిగూడింది. రోగులు బాగయ్యారు. అంత ఊపు వచ్చాక ఎవరైనా ఏం చేస్తారు? మూడు రాత్రుల మహాసభలు ప్రకటించి, ఫ్లెక్సీలు కట్టిస్తారు. ఆయన ఇంకా చీకటి ఉండగానే లేచి, ఎవరికీ చెప్పకుండా అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేసుకుంటున్నాడు. శిష్యుడు సీమోను వాళ్లు వెతుక్కుంటూ వెళ్లి ‘అందరూ నిన్ను వెదకుచున్నారు’ అంటే, వేరే ఊళ్లకు పోదాం పదండన్నాడు. కమిటీ అన్నది ఉండి ఉంటే ఇలా జరగనిచ్చేదా?

మౌనం మనకు పరాయిదేమీ కాదు. 1938లో బైబిల్ మిషన్ స్థాపించిన ఫాదర్ దేవదాసు గారు దైవసన్నిధిలో కనిపెట్టడాన్ని, అంటే మౌనంగా దేవుని కోసం ఎదురుచూడడాన్ని, తెలుగువాళ్లకు తెలుగులోనే నేర్పారు. మనం దాన్ని అభివృద్ధి చేశాం, అంతే. కూటంలో ‘ఇప్పుడు ఐదు నిమిషాలు మౌనంగా కనిపెడదాం’ అని మైకులో ప్రకటిస్తారు. మౌనం ఎంత శ్రేష్ఠమైనదో అదే మైకులో మూడు నిమిషాలు వివరిస్తారు. నాలుగో నిమిషంలో కీబోర్డు తమ్ముడి వేళ్లు ఊరుకోవు. ఐదో నిమిషంలో వెనక వరసలోంచి ‘స్తోత్రం’ అని ఒక కేక. ‘ప్రభువు మీతో మాట్లాడాడని నమ్మినవాళ్లు గట్టిగా చప్పట్లు కొట్టండి’ అంటారు. కొడతాం. మాట్లాడలేదని కూర్చుంటే పక్కవాళ్లు ఏమనుకుంటారు?

చెన్నైలో ఒక సంఘం ఈ శబ్ద పరిచర్యను సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది. ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ, లౌడ్‌స్పీకర్లు పెట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని 2000లో కోర్టు తేల్చేసింది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదు. అంతలో హల్లెలూయా పడుతుందా? ‘హల్లె’ దగ్గరే కోటా అయిపోతుంది.

అయినా మన పద్ధతికి వాక్యాధారం ఉంది. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా అరిచారు. పెద్ద కేకలు వేయండి, మీ దేవుడు నిద్రపోతున్నాడేమో అన్నాడు దేవుని ప్రవక్త ఏలీయా. అది ఎగతాళి అని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. మనం మాత్రం దాన్ని సలహాగా తీసుకున్నాం.

ఆ ఏలీయాకే తర్వాతి అధ్యాయంలో, హోరేబు గుహ దగ్గర, అన్యాయం జరిగింది. బలమైన గాలి వచ్చింది, దానిలో దేవుడు లేడు. భూకంపంలో లేడు. అగ్నిలోనూ లేడు. చివరికి మిక్కిలి నిమ్మళంగా మాట్లాడే ఒక స్వరం వినిపించింది. పోనీ, అంత కష్టపడి విన్నవాడికి ఒక వాగ్దానంతో మొదలుపెట్టవచ్చు కదా! ఈ నెలలో నీ శత్రువులు సిగ్గుపడతారనో, నిన్ను తలగా నియమిస్తాననో. అదేమీ లేదు. ‘ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?’ అని అడిగాడు. అంతకుముందు ఒకసారి అడిగిన ప్రశ్నే.

ఒక్కొక్కరు ఒక్కో బైబిలు వాగ్దానం తీసుకునే కార్డుల తట్టలో, మేలు చేస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 ఎన్నిసార్లయినా చేతికి తగులుతుంది. ఏలీయాను అడిగిన ఈ ప్రశ్న తగలగా నేను చూడలేదు. ఒకవేళ అచ్చువేసేవాళ్ల పొరపాటున ఎవరికైనా వస్తే, దాన్ని వెనక్కి ఇచ్చేసి ఇంకొకటి తీసుకోవచ్చని పాస్టరుగారు ముందుగానే మైకులో చెబితే బాగుంటుంది.