మీ వ్యాఖ్య పరిశీలనలో ఉంది

పత్రికల వెబ్‌సైట్లు వార్త కింద కామెంట్ రాసిన పాఠకుడికి ఇచ్చిన హామీల్లో తు.చ. తప్పకుండా నిలబెట్టుకున్నది ఒక్కటే: "మీ వ్యాఖ్య పరిశీలనలో ఉంది." ఆ మాట నిన్న నిజం, ఇవాళ నిజం, వచ్చే ఏడాది కూడా నిజమే. తిరస్కరించామని ఎవరూ అనరు కాబట్టి బాధపడాల్సిన పని లేదు. ప్రచురించామనీ అనరు కాబట్టి పొంగిపోయే ప్రమాదమూ లేదు. మనిషిని ఇంత స్థితప్రజ్ఞుడిగా నిలబెట్టే వాక్యం వేదాంత గ్రంథాల్లో కూడా అరుదు.

ఆ పరిశీలన ఎంత సూక్ష్మమైనదో గిట్టనివాళ్లు గుర్తించరు. వార్తలో సంవత్సరం తప్పు పడిందని ఒక పాఠకుడు మర్యాదగా రాశాడనుకోండి. కాసేపటికి వార్తలో సంవత్సరం మారుతుంది, అతని కామెంట్ మాయమవుతుంది. తప్పే లేనప్పుడు తప్పు పట్టినవాడు మాత్రం ఎందుకుండాలి? అదే వార్త కింద ఇద్దరు పెద్దమనుషులు ఒకరి వంశాన్ని ఒకరు ఏడు తరాల వెనక్కి తవ్వుకుంటూ ఉంటే, అది నిక్షేపంగా ఉంటుంది. అది ప్రజాచర్చ. మొదటిది పత్రిక ప్రతిష్ఠకు భంగం. ఈ తేడా తెలియనివాళ్లే సెన్సార్‌షిప్ అంటూ గోల చేస్తారు.

పాఠకుడికి నోరివ్వాలన్న ఆలోచన ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1690 సెప్టెంబరులో బోస్టన్‌లో బెంజమిన్ హారిస్ అనే ఆయన 'పబ్లిక్ అకరెన్సెస్' అనే పత్రిక వేశాడు. నాలుగు పేజీల్లో మూడు అచ్చేసి, నాలుగోది ఖాళీగా వదిలాడు. కొన్నవాళ్లు తమకు తెలిసిన కబుర్లు అందులో రాసి పక్కవాళ్లకు అందించడానికట. నాలుగు రోజులకే అక్కడి ప్రభుత్వం అనుమతి లేదంటూ పత్రికనే మూయించింది. రెండో సంచిక రాలేదు. కామెంట్ల పేజీతో పాటు పత్రికను కూడా డిలీట్ చేసిన ఆ సమగ్రతను, కామెంట్లను వడపోసే ఇప్పటి మోడరేటర్లు ఎవరూ అందుకోలేదు.

వెబ్‌సైట్లు వచ్చాక ఆ ఖాళీ పేజీ మళ్లీ తెరుచుకుంది. 'పాఠకులతో సంభాషణ' అని పేరు పెట్టారు. రాసిన విలేకరి ఆ సంభాషణ వైపు తొంగి కూడా చూడడు, అతని తెలివికి దండం పెట్టాలి. అయితే తిట్టుకునేవాళ్లు తమకు జవాబు వచ్చిందేమోనని పేజీని పదేపదే తెరుస్తారు. తెరిచినప్పుడల్లా ప్రకటన కనిపిస్తుంది. సంభాషణ విలువ అక్కడుంది.

ఆ లెక్క గిట్టుబాటు కాని చోట తలుపులు పడ్డాయి. 2013లో పాపులర్ సైన్స్ పత్రిక కామెంట్లు మూసింది, 2014లో వార్తా సంస్థ రాయిటర్స్ వార్తల కింద మూసింది, 2016లో అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ మూసింది. ఎన్‌పీఆర్ చెప్పిన లెక్క ముచ్చటైనది. ఆ ఏడాది జులైలో సైట్ చూసినవాళ్లు దాదాపు 3.3 కోట్లు, వచ్చిన కామెంట్లు 4,91,000, రాసినవాళ్లు మాత్రం 19,400 మంది. అంటే 0.06 శాతం జనం నెలకు తలా పాతిక చొప్పున 'ప్రజాభిప్రాయం' తయారు చేశారన్నమాట. మిగిలిన కోట్ల మంది వార్త చదివి ఊరుకున్నారు. వాళ్లకు పౌరస్పృహ లేదు. మూసేసిన పత్రికలు చాలావరకు చెప్పింది ఒకటే: చర్చ ఇప్పుడు సోషల్ మీడియాకు వెళ్లిపోయింది. ఇంట్లో కొట్టుకునేవాళ్లను వీధిలోకి పంపి, మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి అన్నట్టు.

ఇక రెండో పక్షం, అంటే కామెంట్లు రాసే స్వేచ్ఛా యోధులు. శీర్షిక చూడటం, ఆవేశపడటం, రాయడం, ఈ మూడు పనులూ వీళ్లు ఒకే నిమిషంలో పూర్తి చేస్తారు. వార్త చదవడం అనే నాలుగో పని జాబితాలో లేదు. 2017లో నార్వే ప్రసార సంస్థకు చెందిన ఎన్ఆర్‌కే బీటా అనే సైట్ ఒక దారుణానికి ఒడిగట్టింది: కామెంట్ రాసే ముందు ఆ వ్యాసం మీదే చిన్న క్విజ్ పెట్టింది. జవాబులు సరిగ్గా గుర్తిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. చదివినవాడికే మాట్లాడే హక్కు అంటే భావప్రకటనా స్వేచ్ఛకు ఇంతకన్నా గొడ్డలిపెట్టు ఏముంటుంది?

కామెంట్ పోగానే యోధుడికి రాజ్యాంగం గుర్తొస్తుంది. రాజ్యాంగం ఇచ్చే వాక్స్వాతంత్ర్యం ముఖ్యంగా ప్రభుత్వం నుంచి రక్షణ అని, పత్రికను పట్టుకుని నా మాట వెయ్యి అని నిలదీసే హక్కు కాదని చెబితే నొచ్చుకుంటాడు. విమర్శకు గురైన ఎన్నికల అభ్యర్థి జవాబును పత్రిక ఉచితంగా ప్రచురించి తీరాలని ఫ్లోరిడాలో ఒక చట్టం ఉండేది. మయామి హెరాల్డ్ పత్రిక కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1974లో దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. ఏది వెయ్యాలో, ఏది వెయ్యకూడదో నిర్ణయించుకోవడం కూడా స్వేచ్ఛేనట. ఈ తీర్పు మీద పత్రికలకున్న ప్రేమ మిగతా తీర్పుల మీద అంతగా కనిపించదు.

వెయ్యడం, తియ్యడం పత్రిక ఇష్టమే అయితే తియ్యకపోవడానికి కూడా బాధ్యత దానిదే కదా అని యూరప్ అడిగింది. 2006లో ఎస్తోనియాలోని డెల్ఫి అనే న్యూస్ పోర్టల్ ఒక ఫెర్రీ కంపెనీ గురించి వార్త వేసింది. కింద 185 కామెంట్లు వచ్చాయి, అందులో ఓ ఇరవై బెదిరింపులు, బూతులు. లాయర్ నోటీసు అందిన రోజే తీసేశారు, కానీ అప్పటికే ఆరు వారాలు గడిచాయి. ఎస్తోనియా కోర్టు వేసిన పరిహారం 320 యూరోలు. అంత చిన్న మొత్తం మీద పోరాటం యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి, 2015లో పెద్ద ధర్మాసనం కూడా డెల్ఫిదే తప్పని తేల్చింది. అమెరికాలో 1996 నాటి చట్టం 230వ సెక్షన్ ప్రకారం పాఠకుడి మాటకు సైట్‌ను ప్రచురణకర్తగా చూడరు. అంటే ఒకే బూతు సముద్రానికి ఆవల రాసినవాడిది, ఈవల పత్రికది.

అందుకే యంత్రాన్ని దించారు. యంత్రం నిష్పక్షపాతి. 1996లో ఇంటర్నెట్ సేవల కంపెనీ ఏఓఎల్ ఫిల్టర్ ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్ ఊరివాళ్లను ఖాతా తెరవనివ్వలేదు, ఊరి పేరు మధ్యలో దానికి ఒక బూతు కనిపించింది కాబట్టి. ఇప్పటివి చాలా తెలివైనవి, కామెంట్‌లో విషం ఎంతుందో మార్కులేసి చెబుతాయి. 2017లో న్యూయార్క్ టైమ్స్ అలాంటి దాని సాయం తీసుకుంది. అప్పటికి 14 మంది మోడరేటర్లు రోజుకు దాదాపు 11,000 కామెంట్లు కళ్లతో చదువుతుండేవారు, అదీ పది శాతం వార్తలకే.

అలాంటి యంత్రానికి తెలుగు కామెంట్లు ఇచ్చి చూడాలని నా కోరిక. "చంపేశారండీ, ఇరగదీశారు!" అని ఒకాయన మెచ్చుకుంటే హత్యాబెదిరింపు కింద పట్టుకుంటుంది. "తమరు మహానుభావులు. తమరి పాండిత్యానికి జోహార్లు. మా అజ్ఞానం కొద్దీ అర్థం కాలేదు, మన్నించండి" అని ఇంకొకాయన రాస్తే నూటికి నూరు మార్కులేసి పైన పెడుతుంది. తెలుగువాడు 'గారు' అని పిలవడం మొదలుపెట్టాడంటే అసలు గొడవ అక్కడే మొదలైందని దానికి ఎవరు చెప్పాలి?

అసలు పేర్లతో రాయమంటే అందరూ దారికొస్తారని మరో వాదం ఉంది. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లకు ఆ నిబంధన పెట్టింది, దానివల్ల అలాంటి రాతలు పెద్దగా తగ్గలేదంటూ 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ప్రొఫైల్‌లో గులాబీ పువ్వు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టుకుని పచ్చి బూతులు రాసేవాళ్లను రోజూ చూస్తున్న మనకు ఆ కోర్టు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

గార్డియన్ పత్రిక తన సైట్‌లోకి 2006 నుంచి వచ్చిన 7 కోట్ల కామెంట్లను పరిశీలించి 2016లో ఫలితం చెప్పింది. తొలగించినవి సుమారు 14 లక్షలు. దూషణ ఎక్కువగా భరించిన పది మంది రచయితల్లో ఎనిమిది మంది స్త్రీలు, ఇద్దరు నల్లజాతి పురుషులు. అతి తక్కువగా తిట్లు తిన్న పది మందీ మగవాళ్లే. భావాన్ని భావంతోనే ఎదుర్కోవాలనే సూత్రం ఎంత చక్కగా అమలవుతోందో చూడండి: ఒక రచయిత్రి రాసేది వడ్డీ రేట్ల గురించి, జవాబు ఆమె ముఖం గురించి. విసిగిపోయి ఆమె రాయడం మానేస్తే ఆ తొలగింపు ఏ మోడరేటర్ లెక్కలోకీ రాదు, దాన్ని ఎవరూ సెన్సార్‌షిప్ అనరు కూడా. ఇక్కడ నాకు వెటకారం అంతగా రావడం లేదు, ముందుకు పోదాం.

కొందరు అమాయకులు ఒక సూచన చేస్తుంటారు. తీసేసిన కామెంట్ చోట ఒక్క వాక్యం పెట్టండి చాలు అంటారు. ఏ నియమం ప్రకారం తీశారు, ఒప్పుకోకపోతే ఎవరిని అడగాలి, అంతే. పత్రికలకు ఇది అసాధ్యంగా కనిపిస్తుంది. సిబ్బంది లేరట. ఉన్నా, కారణం చెబితే వాదన మొదలవుతుందట. మొదలైతే ఇక ముగియదట. ముగియని వాదనల వల్లే ప్రజాస్వామ్యం బతుకుతుందని ఎడిట్ పేజీలో రాసే విభాగం వేరు, కామెంట్లు తీసే విభాగం వేరు. ఇద్దరూ ఒకే బిల్డింగ్‌లో ఉంటారు గానీ, పరిచయం లేదు.