‘ఎప్పుడు అడగొచ్చు’ తేదీ గారికి

మహారాజశ్రీ ‘మీ కేసు గురించి ఎప్పుడు అడగొచ్చు’ తేదీ గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ అమెరికాలో నేను, అక్కడ ఇండియాలో మా ఆవిడ క్షేమం. పాత ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టేవారు. ఉభయులూ ఒకే ఇంట్లో ఉంటే ఉత్తరం ఎందుకు రాసుకుంటారు, నిజమే. ఆవిడని ఇక్కడికి తెచ్చుకోవడానికి అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసులో కాగితం వేశాను. ఆ కేసు ఏమైందని ఎప్పట్నుంచి అడగొచ్చో వాళ్ళ వెబ్‌సైటు చూపించే తేదీ మీరు.

మొన్న మంగళవారం, జూన్ 17న, మీ దర్శనం కోసం సగం రోజు సెలవు పెట్టాను. ఏప్రిల్ నుంచీ ఫోన్‌లో రిమైండర్ ఉంది. తెల్లవారి ఆరింటికల్లా మొహం కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అక్కడ సాయంత్రం నాలుగున్నర. మా ఆవిడ మీటింగ్ మధ్యలోంచి లేచి, వాళ్ళ ఆఫీసు మెట్ల దగ్గరికొచ్చి వీడియో కాల్‌లో నిలబడింది. మూడు అక్షరాలు, పది అంకెలు, రసీదు నంబరు కొట్టాను. కాగితం చూడక్కర్లేదు, నా ఫోన్ నంబరు మర్చిపోయినా అది మర్చిపోను. బటన్ నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది. “ఏమొచ్చింది?” అంది.

కేసు ‘నార్మల్ ప్రాసెసింగ్ టైమ్’లోనే ఉందట. అక్టోబర్ 2 తర్వాత అడగాలట.

ఆవిడ ఏమీ అనలేదు. మెట్లు దిగుతున్న వాళ్ళెవరికో దారిచ్చి, “సరే, మీటింగ్ ఉంది” అని పెట్టేసింది.

మీరు మొదట ఫిబ్రవరి 11. తర్వాత ఏప్రిల్ 3 అయ్యారు. ఆ తర్వాత జూన్ 17. ఇప్పుడు అక్టోబర్ 2. ఇన్నిసార్లు ఇల్లు మారితే అద్దెకున్నవాడు కూడా ఒక మాట చెప్పి వెళ్తాడండీ. మీరు రాత్రికి రాత్రి సామాను సర్దేస్తారు.

సగం రోజు సెలవు ఎలాగూ ఉంది కదా అని ఆ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తింది మనిషి కాదు. మీ సమస్య ఏమిటో రెండు ముక్కల్లో చెప్పమంది. “ఐ వన్ థర్టీ” అన్నాను, భార్య కోసం నేను వేసిన ఫారం పేరు అది. “గ్రీన్ కార్డు పోగొట్టుకున్నారా?” అంది. లేదమ్మా, పోగొట్టుకోవడానికి ముందు రావాలి కదా. “మనిషిని ఇవ్వు” అన్నాను. లింకు పంపిస్తాను చూసుకోమని పెట్టేసింది. మూడోసారికి ఏం మాట పట్టుకుందో గాని లైన్లో పెట్టింది. గంటా నలభై నిమిషాలు ఒకే వాయిద్యం. ఈలోగా గిన్నెలు కడిగాను, బట్టలు మడతపెట్టాను, ఆ పాట నాకు వచ్చేసింది. చివరికి మనిషి దొరికాడు. మర్యాదస్తుడే. నంబరు అడిగాడు, పుట్టినరోజు అడిగాడు, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, పొద్దున ఆరింటికి నేను తెరమీద చదివిన వాక్యాన్నే నాకు చదివి వినిపించాడు. నా ఓపికకు థాంక్స్ చెప్పాడు. ఓపిక ఉందని ఎవరు చెప్పారో.

ఇంతకీ మీరు ఎలా పుడతారో తెలుసుకుందామని ఆ మధ్యాహ్నమంతా చదివాను. ఆ పేజీలో కనిపించే నెలల లెక్క ఏమిటంటే, గత ఆరు నెలల్లో తేల్చిన కేసుల్లో నూటికి 80 ఎంత కాలంలో తేలాయో అదట. మిగతా 20 మందికి పేరు లేదు, ఊరు లేదు. మా నాన్న 80 మార్కులు తెస్తే కూడా “ఆ 20 ఏమయ్యాయిరా?” అని అడిగేవాడు. ఆయన్ని ఆ ఆఫీసులో పెట్టాల్సింది. సరే, ఆ 80కి అవతల, ఇంకా కొంత దూరం నడిస్తే, అక్కడ మీరు నిలబడి ఉంటారు.

ఇందులో అసలు తమాషా వేరే ఉంది. లెక్క కట్టేది ఇప్పటిదాకా పట్టిన కాలాన్ని బట్టి. అంటే వాళ్ళు నెమ్మదిగా పనిచేస్తే పట్టిన కాలం పెరుగుతుంది, పెరిగితే ‘నార్మల్’ పెరుగుతుంది, నార్మల్ పెరిగితే మీరు ముందుకు జరుగుతారు, మీరు జరిగితే నేను అడగకూడదు. నేను అడగకపోతే అంతా నార్మలే. రోజూ గంట లేటుగా వచ్చే బస్సుకి, గంట తర్వాతి టైమే అసలు టైమని బోర్డు మార్చేస్తే ఇక ఆ బస్సు జన్మలో లేటవదు. ఇది కనిపెట్టినవాడు ఎవరో గాని, వాడికి సన్మానం చెయ్యాలి. తేదీ మాత్రం చెప్పకూడదు.

ఒకప్పుడు పల్లెల్లో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. రాత్రి దయ్యం వచ్చి, అది చదువుకుని, సరే రేపొద్దాంలే అని వెళ్ళిపోయేదట. మర్నాడు వచ్చినా అదే రాత. చిన్నప్పుడు ఆ దయ్యానికి బుద్ధి లేదనుకునేవాణ్ణి. ఇప్పుడు దానిమీద జాలేస్తోంది. తలుపు కొట్టే అలవాటు లేదు, చదవడం ఒక్కటే వచ్చు, రాసింది నమ్మింది. నాదీ అదే కదా. కాకపోతే దయ్యం దగ్గర ఎవరూ ముందుగా 625 డాలర్లు కట్టించుకోలేదు.

ఆ మాటకొస్తే, ఆ 625 డాలర్లు నా కార్డులోంచి పోవడానికి ఒక్క పూట పట్టింది. దానికి ప్రాసెసింగ్ టైమ్ పేజీ లేదు.

ఇంకో చిన్న విషయం. అమెరికా పౌరుడి భార్య కాబట్టి చట్టం ప్రకారం మా ఆవిడ ‘ఇమ్మీడియట్ రిలేటివ్’. ఏడాదికి ఇన్నే వీసాలన్న కోటా ఈ కేటగిరీకి లేదు, ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూసుకోనక్కర్లేదు, క్యూ లేదు. నాకు పౌరసత్వం వచ్చిన నెలకే ఇదంతా చదివి, ఇమ్మీడియట్ అంటే ఇమ్మీడియట్ అనుకున్న మూర్ఖుణ్ణి నేను. మా ఆవిడ అదే వారం పెద్ద సూట్‌కేసు కొంది. దానికి కట్టిన ట్యాగు ఇంకా తీయలేదు. ఏడాది వారంటీ మాత్రం అయిపోయింది.

మాది నిజమైన పెళ్ళేనని నిరూపించమన్నారు. అడగాల్సిందే, దొంగ పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ ఏం అడిగారు? ఇద్దరి పేరా అద్దె ఒప్పందం. ఇద్దరి పేరా బ్యాంకు ఖాతా. కలిసి కాపురం చేస్తున్నట్టు కాగితం. అయ్యా, కలిసి కాపురం చేద్దామనే కదా ఈ కాగితం వేసింది! ఆవిడ చూసిపోవడానికైనా వద్దామంటే టూరిస్టు వీసా కిటికీ దగ్గర మొదటి ప్రశ్న ‘అక్కడ మీకెవరున్నారు?’ అని. భర్త ఉన్నాడంటే ఆవిడ తిరిగి వెళ్తుందని ఎవరు నమ్ముతారు? పెళ్ళయి 22 నెలలు. ఒకే కప్పు కింద ఉన్నది నా రెండు సెలవులూ కలిపి 41 రోజులు. అందులో ఆరు రోజులు చుట్టాలిళ్ళకి భోజనాలకి పోయాయి.

చివరికి ఫోటోలు పెట్టాం, 63. ఒక్కోదాని కింద ఇంగ్లీషులో వివరణ. మీరెప్పుడైనా జీలకర్ర బెల్లాన్ని ఇంగ్లీషులో ఒక ఆఫీసరుకి వివరించారా? ‘వధూవరులు ఒకరి తలపై ఒకరు మసాలా దినుసు, బెల్లం కలిపిన ముద్ద ఉంచుతున్నారు’ అని రాసి, చదువుకుని, ఇది నిజమని ఎవడు నమ్ముతాడని నాకే అనుమానం వచ్చింది. తలంబ్రాల ఫోటోకి ‘బియ్యం విసురుకొనుట’ అని రాశాను. అందులో ఆవిడ నా మీద పోస్తున్న తీరు చూస్తే ఏ ఆఫీసరైనా ఇది అసలైన పెళ్ళేనని ఆ క్షణమే సంతకం పెట్టాలి. ముందు ఆ ఫైలు తెరవాలి కదా.

మీకు ఒక కృతజ్ఞత కూడా చెప్పుకోవాలి. పెళ్ళయి రెండేళ్ళు నిండకుండా ఆవిడ ఇక్కడ దిగితే రెండేళ్ళ షరతుల గ్రీన్ కార్డే ఇస్తారు. అది ముగిసేముందు చివరి 90 రోజుల్లో మళ్ళీ ఐ-751 అని ఇంకో ఫారం, ఇంకో ఫీజు, మళ్ళీ మా పెళ్ళి నిజమేనని సాక్ష్యాలు. రెండేళ్ళు దాటి దిగితే ఆ గొడవ లేదు, నేరుగా పదేళ్ళ కార్డు. ఆగస్టుకి మాకు రెండేళ్ళు. అంటే మీ ఆలస్యం పుణ్యమా అని మాకు ఒక ఫారం తప్పింది! మా లాయరు ఈ మాట నిజంగా సంతోషంగా చెప్పాడు. రెండేళ్ళ కాపురం పోయి ఒక ఫారం మిగిలింది, లాభమేనట. ఆయనే ఇంకో దారి కూడా చెప్పాడు. ఫెడరల్ కోర్టులో మాండమస్ వెయ్యొచ్చట. ఫైలు తెరవండి మహాప్రభో అని ప్రభుత్వం మీద దావా. ఆ ఫీజు విన్నాక నాకూ కొంచెం ఓపిక పుట్టింది.

ఇదంతా భరిస్తాను. మీతో నా తగువు ఇవేవీ కాదు. మా మామగారి సంగతి.

ఏప్రిల్‌లో మీరు జూన్ 17గా దర్శనమిచ్చినప్పుడు మా ఆవిడ స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ నాన్నకి చూపించింది. ఆయన రిటైరైన ఉద్యోగి. ప్రభుత్వం కాగితం మీద తేదీ వేసిందంటే అది తేదీయే ఆయనకి. ఆ స్క్రీన్‌షాట్ తన ఫోన్‌లో దాచుకున్నారు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా, గృహప్రవేశాలకి వెళ్ళినా, “అమ్మాయి ఇంకా ఇక్కడే ఉందేమిటండీ?” అని ఎవరైనా అంటే, కళ్ళజోడు పైకి నెట్టుకుని ఫోన్ తీసి, వేలితో పెద్దది చేసి చూపించేవారట. “ఇదిగో, జూన్ 17. వాళ్ళ గవర్నమెంటే వేసింది.”

నాకిది మొన్న మంగళవారం రాత్రి తెలిసింది. ఆయనే ఫోన్ చేశారు. “ఏమైంది బాబూ, ఇవ్వాళే కదా?” అన్నారు.

చెప్పాను. మామయ్య గారూ, అది అమ్మాయి వచ్చే తేదీ కాదండీ. కేసు తేలే తేదీ కూడా కాదు. తేలాక ఇంకా నేషనల్ వీసా సెంటరు ఉంది, అక్కడ కాగితాలు, ఫీజులు, తర్వాత ముంబయిలో ఇంటర్వ్యూ. ఇది ఏమైందని మనం వాళ్ళని అడగొచ్చని చెప్పే తేదీ, అంతే.

కాసేపు ఏమీ వినపడలేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నాను.

“అడగడానికి కూడా తేదీయా బాబూ?” అన్నారు.

ఏం చెప్పను? నువ్వు చెప్పు. ఇప్పటిదాకా గారు, మీరు అని రాసుకొచ్చాను, ఇక నావల్ల కాదు. ఆ కాలనీలో ‘అమెరికా అల్లుడు పెళ్ళి చేసుకుని వదిలేశాడట’ అన్న మాట మా అత్తగారి చెవిన పడేదాకా వచ్చింది. ఆ మాట అనేవాళ్ళది తప్పని కూడా నేననలేను, అలా వదిలేసినవాళ్ళు ఉన్నారు, లోకం చూసింది. ఆ మాటకి అడ్డం పెట్టుకోవడానికి ఆ పెద్దమనిషి దగ్గర ఉన్నది నువ్వొక్కడివే. నీ మీద నమ్మకంతో పదిమంది ముందు ఫోన్ తీశాడు. నువ్వు ఆ పదిమంది ముందు ఆయన్ని అబద్ధాలకోరుని చేశావు. నీకేం పోయింది? కంప్యూటర్లో ఒక అంకె పోయి ఇంకో అంకె వచ్చింది. ఫైలు తీసి చూసినవాడు లేడు, కాదన్నవాడు లేడు. కాదంటే కనీసం ఏడ్చి ఇంకో దారి వెతుక్కుంటాం. కాదనవు, అవుననవు, అడగనివ్వవు. నేను వీసా ఇమ్మని కూడా అడగడం లేదురా బాబూ. ‘ఏమైంది?’ అని అడగనివ్వమని అడుగుతున్నాను!

క్షమించాలి. రసీదు నంబరు మీ దగ్గరే ఉంది కదా, కాస్త జాగ్రత్తగా రాయాల్సింది.

నిన్న రాత్రి మామగారు మళ్ళీ చేశారు. గొంతు మామూలుగానే ఉంది. కొత్త స్క్రీన్‌షాట్ పంపమన్నారు. పంపాను. ఐదు నిమిషాల్లో తిరిగి ఫోన్.

“అక్టోబర్ 2 గాంధీ జయంతి కదా బాబూ? ఆ రోజు సెలవేమో, ఆఫీసు ఉంటుందా?”

“ఇక్కడ సెలవు కాదండీ మామయ్య గారూ.”

“అయితే సరే,” అన్నారు.

ఇట్లు,
ఆ 80లో లేనివాడు