స్మోల్ట్జ్ ఒక్కడే కాదు, టోరెస్ కథ కూడా ఉంది

బేస్‌బాల్‌లో సీజన్ మధ్యలో కుర్ర ఆటగాళ్లను వేరే టీమ్‌కి ఇచ్చి సీనియర్‌ను తెచ్చుకుంటే ఎప్పుడైనా నష్టమే అని మీ వ్యాసంలో రాశారు, అది మాత్రం నాకు మింగుడుపడలేదండీ. మీరిచ్చిన డెట్రాయిట్ టైగర్స్ టీమ్ ఉదాహరణ సరే. 1987లో 36 ఏళ్ల పిచర్ (బంతి విసిరేవాడు) డోయల్ అలెగ్జాండర్ కోసం 20 ఏళ్ల కుర్ర పిచర్ జాన్ స్మోల్ట్జ్‌ని అట్లాంటాకి ఇచ్చేశారు, అలెగ్జాండర్ వరసగా 9 గేములు గెలిచి డివిజన్‌లో (లీగ్‌లోని తమ గ్రూపులో) మొదటి స్థానం తెచ్చిపెట్టాడు, ఆ తర్వాత ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటా చేతిలో టైగర్స్ ఓడిపోయారు, స్మోల్ట్జ్ ఏమో 2015లో ఆటలోని మహామహులకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. ఇక్కడ పాత టైగర్స్ అభిమానుల దగ్గర ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ మొహం మాడ్చుకుంటారు!

మరి 2016లో షికాగో కబ్స్ సంగతేంటి? సీనియర్ పిచర్ చాప్‌మన్ కోసం కుర్ర ఆటగాడు గ్లేబర్ టోరెస్‌తో పాటు ఇంకో ముగ్గురిని న్యూయార్క్ యాంకీస్‌కి ఇచ్చారు. ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఏడో గేములో చాప్‌మన్ బంతికి ప్రత్యర్థి రజాయ్ డేవిస్ హోమ్ రన్ కొట్టినప్పుడు కొంప ముంచాడనే అనుకున్నాను, కానీ కబ్స్‌కి 1908 తర్వాత మొదటి టైటిల్ వచ్చింది. డిసెంబరుకల్లా అతను మళ్లీ యాంకీస్‌కే వెళ్లిపోయాడు, టోరెస్ యాంకీస్ తరఫున రెండుసార్లు ఆల్‌స్టార్ (సీజన్ మేటి ఆటగాళ్ల జట్టు) అయ్యాడు, అయినా షికాగోలో ఎవరైనా ఏడ్చారా? టోరెస్ ఆడే షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో కబ్స్‌కి అప్పటికే రసెల్, పక్కన బయెజ్ ఉన్నారు కదా. వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవకపోయినా ప్లేఆఫ్స్‌కి వెళ్లే అవకాశం) కూడా అనుమానంగా ఉన్న టీమ్ ఇదే పని చేస్తే మాత్రం మీతో కలిసి నేనూ తిడతాను.