హెలికోబాక్టర్ పైలోరీ గారికి, కోరమంగళ నుంచి

అయ్యా,

కడుపులో కాపురముండే బాక్టీరియా గారైన మీ దర్శనం కోసం నిన్న పరగడుపున వెళ్లి, పొద్దున్నే ఇచ్చిన టోకెన్ పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చివరికి గొంతులో చేదు స్ప్రే కొట్టి, కెమెరా గొట్టం దింపి, కడుపులోంచి చిటికెడు ముక్క తీసి పసుపుపచ్చ జెల్‌లో పెట్టారు. కాసేపటికి అది గులాబీ రంగుకు తిరిగింది. అంతా మీ దగ్గరుండే యూరియేజ్ అనే ఎంజైము మహిమట. యూరియాని అమ్మోనియాగా మార్చి, యాసిడ్ అంటకుండా చుట్టూ కప్పుకుంటారట. చాలామందికి చిన్నప్పుడే నోటి ద్వారా లోపలికి దిగుతారట కూడా. బెంగళూరులో అద్దె లేకుండా, పది నెలల అడ్వాన్సు కట్టకుండా కాపురం చేస్తున్నది మీరొక్కరే.

ఉంటే ఉన్నారు. నింద ఆవకాయ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నారే!

నేను పొట్ట పట్టుకుంటే చాలు, ఆఫీసులో "మీ ఆంధ్రావాళ్ల కారం సార్" అనేవాళ్లు. ఓనరమ్మ పెరుగన్నం తినమనేది. అమ్మేమో ఫోన్లో "టెన్షన్ పెట్టుకోకు నాన్నా". మందుల షాపాయన గ్యాస్ మాత్ర చేతిలో పెట్టేవాడు. స్నేహితులు మెస్సులో పప్పు, గోంగూర, నెయ్యి కలుపుకుంటుంటే నేను పక్క దర్శినిలో చట్నీ వద్దని చెప్పి ఇడ్లీ తిన్నాను. చట్నీ లేకుండా ఇడ్లీ! కారం మంటను రేపుతుందేమో గానీ, కడుపులో పుండు పెట్టేది ఎక్కువగా మీరు, లేదంటే అయినదానికీ కానిదానికీ మింగే నొప్పి మాత్రలు.

ఇదేం కొత్త సంగతా? 1982లోనే ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు మీ గుట్టు రట్టు చేశారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ మిమ్మల్ని పెంచిన ద్రావణాన్ని గటగటా తాగి, కడుపు వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మా మేనత్తకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. నిన్న రిపోర్టు చదివి వినిపిస్తే, "ఆ పురుగు కారానికే పుట్టుంటుందిరా" అంది.

ఇక గారూ గీరూ చాలు. 14 రోజులు రెండు యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్ర వేసుకోవాలి. నోరంతా అప్పుడే లోహపు రుచి. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి ఊదే పరీక్ష చేస్తారు. అందులో నీ ఆనవాలు కనిపించిందో, మందు మార్చి మళ్లీ మొదలుపెడతా. జాడీ మూత ఎప్పుడు తియ్యాలో డాక్టరునే అడుగుతా. నిన్నూ అడగను, మా అత్తనూ అడగను.

ఇట్లు,
ఆవకాయ తరఫున