జపాన్ ఖాళీ ఇళ్లు: ఆ పోస్టులో నిజమెంత?

"జపాన్‌లో 90 లక్షల ఇళ్లు ఖాళీ. ప్రభుత్వం ఉచితంగా పంచుతోంది, తీసుకుంటే అక్కడే ఉండిపోవచ్చు. బయటివాళ్లు వచ్చి కొంటే ఆ ఊళ్లు బాగుపడతాయి." వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ మాట నమ్మి ఎవరూ డబ్బు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను.

90 లక్షల అంకె జపాన్ ప్రభుత్వం చేసిన 2023 సర్వేలోదే. కానీ అందులో దాదాపు సగం అద్దెకు పెట్టినా మనిషి దొరకనివి. అమ్మకానికి పెట్టినవీ సెలవుల ఇళ్లూ కూడా తీసేస్తే, దేనికీ వాడకుండా పడి ఉన్నవి సుమారు 38 లక్షలు.

ప్రభుత్వం పంచడం అబద్ధం. మునిసిపాలిటీలు జాబితా పెడతాయి, అమ్మేది యజమానే. ధర సున్నా అయినా రిజిస్ట్రేషన్, పన్ను, మరమ్మతు కొన్నవాళ్ల నెత్తినే. ఇల్లు కొంటే వీసా రాదు.

అసలు చిక్కు, బయటివాళ్లు కొంటే ఊళ్లు బాగుపడతాయన్న చివరి మాటలో ఉంది. పాత పేటల్లో చాలా ఇళ్లకు కొనేవాళ్లు లేనిది ఆ జాగాలో మళ్లీ కట్టుకోలేకే. కనీసం 4 మీటర్ల రోడ్డును 2 మీటర్ల మేర ఆనుకోని స్థలంలో కొత్త ఇంటికి మామూలుగా అనుమతి రాదు. కూలిస్తే ఇంటిస్థలానికిచ్చే రాయితీ పోయి పన్ను పెరుగుతుంది. అలాంటి సందులో ఒక ఇల్లు ఎవరు కొన్నా సందు వెడల్పవదు. మారాల్సింది స్థలాల హద్దులు.

ఆ పని జపాన్‌కు కొత్త కాదు. 1923 భూకంపంలో కాలిపోయిన టోక్యో పేటలను స్థలాల హద్దులు మార్చి తిరిగి గీశారు, 1954లో దానికి ప్రత్యేక చట్టమే చేశారు. అందరూ కొంత జాగా వదులుకుంటారు. అందులో రోడ్లు పోగా మిగిలింది అమ్మి ఖర్చు రాబడతారు. అమరావతి పూలింగ్ చూసిన మనకు ఈ లెక్క తెలుసు: జాగా తగ్గినా ధర పెరుగుతుందన్న ఆశ మీదే అంతా నడుస్తుంది. జనం తగ్గుతున్న ఊళ్లో ఆ ఆశ లేదు.

యమగాటా ప్రాంతంలోని త్సురుఓకా దీనికి మంచి దారి పట్టింది. పాత కోట ఊరు, ఇరుకు సందులు, పైగా విపరీతమైన మంచు. అక్కడ ల్యాండ్ బ్యాంక్ అనే లాభాపేక్ష లేని సంస్థ పేటంతా ఒకేసారి ముట్టుకోదు. ఒక పాడు ఇల్లు కూల్పించి, జాగాను పక్కింటివాళ్లు కొనేలా చూస్తుంది, కొంత సందుకు కలుపుతుంది. తర్వాత దాని పక్కది. బయటివాళ్ల కోసం ఎదురుచూడక్కర్లేదు.

నెమ్మదైన పనే. యజమాని ఒప్పుకోకపోయినా, అసలు యజమాని ఎవరో తెలియకపోయినా అక్కడే ఆగుతుంది. వారసత్వంగా వచ్చిన ఆస్తిని వారసుల పేరిట రిజిస్టర్ చేయించడాన్ని జపాన్ 2024 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేయడం ఇక్కడే పనికొస్తుంది. సంతకం ఎవరిదో తెలియకుండా హద్దు జరపలేరు.